దౌల్తాబాద్‌ను ఎన్ని తీర్ల రాస్తరు

మొన్న కళ్ళు చూపించుకుందామని దవాఖానకు వెళ్ళి, చిట్టీలు రాసే కిటికీ ముందు వరుసలో నిలబడ్డాను. లోపల ఒకామె కంప్యూటర్ మీద పేర్లు కొడుతోంది. మౌస్ ముట్టుకోవడం లేదు. వేళ్ళు మీటల మీద పేలాలు వేగినట్టు చిటపటలాడి, చివరి మీట దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగుతున్నాయి. ఆ క్షణంలో ఆమె పెదవులు కదులుతున్నాయి. కొట్టిన పేరును తనలో తాను చదువుకుంటోంది. అప్పుడు టక్కుమని ఒక మీట. నా వెనకాయన "జర జల్ది కానియ్యమ్మా, పొద్దువోతుంది" అని గొణిగాడు. నాకు మాత్రం ఇంకో నలుగురి పేర్లు అయ్యేదాకా అక్కడే నిలబడాలనిపించింది. నస్రీన్ పక్కన కూర్చుని ఐదేళ్ళు నేను విన్నది ఆ చప్పుడే.

నస్రీన్ ఎవరో సిద్దిపేటలో చాలామందికి తెలియదు. ఆగిపోతే తప్ప కనిపించని పని ఆమెది. నేను ఆమె దగ్గరికి చేరేనాటికి నాకు యాభై రెండేళ్ళు, ఆమెకు ముప్పై నాలుగు. అంతకుముందు ఇరవై ఏళ్ళకు పైగా ఒక దినపత్రిక జిల్లా డెస్కులో వార్తలు దిద్దాను. ఊరి పేరులో ఒక్క ఒత్తు తప్పినా తెల్లవారేసరికి ఆ ఊరి నుంచి ఫోన్ వచ్చేది కాబట్టి, పేర్ల విషయంలో నాకు కాస్త పట్టుదల ఎక్కువ. పేజీలు తగ్గి, మనుషులు తగ్గి, చివరికి మా డెస్కు కూడా తగ్గిపోయినప్పుడు, బట్టల దుకాణం పైన రెండు గదుల్లో నడిచే ఒక చిన్న ఆఫీసులో పని దొరికింది. రైతుల ఫోన్లకు మాట పంపడం వాళ్ళ పని. ఒక మండలం మీదికి వాన వస్తుందని సమాచారం రాగానే, అక్కడ పేరు రాయించుకున్న రైతులందరికీ ఒకేసారి ఫోన్లు మోగుతాయి. ఎత్తితే, ఇంకో రెండు గంటల్లో వాన ఉంది, కుప్పల మీద పరదాలు కప్పుకోండని ఒక గొంతు మన యాసలో చెబుతుంది. ఆ మాటలు రాయడం, చదివి రికార్డు చేయడం నా కొలువు. ఆ ఫోన్లు మోగేలా చూడడం నస్రీన్ కొలువు. నాకు పై అధికారి కూడా ఆమే.

మొదటి రోజు "నమస్తే మేడం" అన్నాను. ఆమె తల తిప్పకుండానే, "మేడం అంటె నన్ను బెంచీ ఎక్కించిన లెక్కల మేడం యాదికొస్తది. పేరు పెట్టి పిలువన్నా" అంది. ఆఫీసులో అందరూ ఆమెను ఆపా, అంటే అక్క, అనేవారు. వయసులో పెద్దవాణ్ణి, నేనేం ఆపా అంటాను. చివరికి నస్రీనమ్మా అని స్థిరపడ్డాను. ఆమె ముందున్న తెర నన్ను కలవరపెట్టింది. బొమ్మల్లేవు, బొత్తాల్లేవు. నల్లటి తెర నిండా సన్నటి అక్షరాలు, వరుసలు వరుసలుగా. ప్రతి వరుసలో ఇంగ్లీషు అక్షరాల్లో ఒక మండలం పేరు. దాని పక్కన కొన్ని అంకెలు. చాలా వరుసలు లేత నీలం. ఒకటి రెండు నారింజ రంగులోకి మారి, మళ్ళీ నీలంలోకి వస్తున్నాయి. మీటలు తప్ప ఆమె చేతికింద ఇంకేమీ లేదు. "మౌస్ ఏదమ్మా?" అని అడిగాను. "పిల్లి తిన్నదన్నా" అంది.

నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆమె పెద్దగా కష్టపడలేదు. "పొలం పోయెటోడు సద్దిమూట కట్టుకపోతడు గద. అన్నం, తొక్కు, ఉల్లిగడ్డ అన్నీ అండ్లనే. ఏ చేనుకు పోయినా వానికి ఇంకోటి అడిగే పని లేదు. మా ప్రోగ్రాం కూడ గంతే. దానికి కావల్సినయన్నీ మూటగట్టి పెడతం. దాన్నే కంటైనర్ అంటరు. గసొంటియి ఇన్ని మూటలు, వాటిని మోసే మిషన్లు ఇన్ని. అన్నిటిని కలిపి క్లస్టర్ అంటరు. ఏ మూట ఏడ ఉన్నది, ఏది తెగిపోయింది, గది నాకు చూపిచ్చేది ఈ నల్ల తెర." మరి తెగిపోతే? "స్పేర్ బండి పంపుత" అని నవ్వింది. ఆ మాట ఆమె తండ్రిది. ఆయన బస్టాండులో కంట్రోలర్‌గా చేసి రిటైరైన మనిషి. చిన్నప్పుడు బడి అయిపోయాక ఆ కంట్రోలర్ గదిలోనే కూర్చుని ఆమె హోంవర్కు చేసుకునేది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉంది, ఏది దారిలో ఆగింది, దాని బదులు ఏది పంపాలి అని తండ్రి చార్టు మీద చూసుకోవడం ఆమె కళ్ళతో పాటు పెరిగింది. కంప్యూటర్ చదువు తర్వాత వచ్చింది. చూపు అంతకు ముందే వచ్చింది.

ఆ చూపును చెప్పడానికి నా దగ్గర ఉన్న పోలిక ఒక్కటే. మా డెస్కులో ఒక పెద్దాయన ఉండేవాడు. అచ్చయిన పేజీని చేతికిస్తే చదవకముందే, ఎక్కడో తప్పుందని ముఖం చిట్లించేవాడు. నస్రీన్‌ది అంతకన్నా పై మాట. ఒక పొద్దున టీ తాగుతూ తెర మీద కుకునూరుపల్లి వరుస చూపించి, "ఇది నడుస్తుంది గని కుంటుతుంది" అంది. నాకు నీలంగానే, మిగతా వాటిలాగే కనిపించింది. ఆమె ఆ వరుస చివర ఒక అంకె మీద వేలు పెట్టింది. రాత్రి నుంచి ఆ ప్రోగ్రాం ఎన్నిసార్లు పడి లేచిందో చెప్పే అంకె అది. పడగానే దానంతట అది లేచి నిలబడుతోంది కాబట్టి ఎర్రగా మారలేదు. ఒక మీట నొక్కింది. వరుస తెరుచుకుని, ఆ ప్రోగ్రాం తనలో తాను మాట్లాడుకునే మాటలన్నీ చీమల బారులా పైకి పాకడం మొదలుపెట్టాయి. ఆమె గ్లాసు కింద పెట్టకుండానే వాటిని చదివింది. నాలుగు గుక్కల్లో కారణం దొరికింది. చాలినంత జాగ ఇవ్వకపోవడం వల్ల అది ఊపిరాడక పడిపోతోంది. ఇంకాస్త జాగ ఇచ్చింది. సాయంత్రానికి ఆ అంకె కదలడం మానేసింది. అప్పుడు నాకు కలిగింది మెచ్చుకోలు కాదు, భయంతో కలిసిన గౌరవం. ఇన్ని ఊళ్ళ పరదాలు ఈ అమ్మాయి చూపుకు కట్టి ఉన్నాయనిపించింది.

కొన్ని నెలల తర్వాత నాకూ ఆ తెర నేర్పింది. నేను రాసే మాటలు కూడా అందులోనే ఒకచోట ఉంటాయి. ప్రతి చిన్న మార్పుకూ తనను పిలవకుండా నేనే తెరిచి దిద్దుకోవాలని ఆమె ఉద్దేశం. ఒకే ఒక్క నియమం పెట్టింది. ఏ మీట నొక్కినా, నొక్కే ముందు తెర పైన ఎడమ మూలన ఉన్న పేరును బయటికి చదవాలి. మాకు రెండు క్లస్టర్లు ఉండేవి. ఒకటి అసలుది, ఒకటి కసరత్తుకు. రెండూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి. ఏ దాంట్లో ఉన్నామో ఆ మూల మాత్రమే చెబుతుంది. "బోర్డు చూసి ఎక్కాలె" అనేది. ఒకసారి విసుక్కున్నాను. "మనసుల చదువుకుంట గదమ్మా, నోరు తెరుసుడెందుకు?"

"మనసు మొదటి అచ్చరం చూసి మిగతాది అదే నింపుకుంటదన్నా" అంది. "ఒక ముసలవ్వ ధూళిమిట్ట పోవాలె. మొదటి అచ్చరం చూసి దౌల్తాబాద్ బస్సెక్కింది. ఒకటి తూర్పుకు, ఒకటి పడమటికి. పొద్దుగూకినంక మా అబ్బ ఇంకో బండిల ఆమెను వాపస్ తెప్పిచ్చిండు. అప్పటి సంది బండి ఇడిసేముందు పేరు సాంతం అరిచేటోడు. నోరు అబద్ధం చదవదన్నా. కన్ను చదువుతది."

మూడో ఏడు యాసంగి కోతలప్పుడు, వడ్లు కొనే సెంటర్లలో కుప్పలు పోసి రైతులు కాంటా కోసం ఎదురుచూస్తున్న రోజులవి. ఒక మధ్యాహ్నం దౌల్తాబాద్ మాటల్లో ఏదో చిన్న మార్పు చేయడానికి తెర తెరిచాను. బోర్డు బయటికే చదివాను: అసలు. మాట దిద్దాను. అక్కడే పైన మండలం పేరు ఇంగ్లీషులో కనిపించింది. 'త'కు టీ ఒక్కటే పెట్టారు, పక్కన హెచ్ లేదు. వెబ్‌సైటు కోసం మా డెస్కులో ఇంగ్లీషు పేర్ల పట్టిక ఒకటి ఉండేది. అందులో ఈ ఊరికి హెచ్ ఉంది. తప్పు కనిపించాక చేయి ఊరుకోలేదు. ఇరవై ఏళ్ళ అలవాటు. హెచ్ పెట్టాను. పెట్టి, లోపల కాస్త సంతోషించాను కూడా. ఎవరికీ చెప్పలేదు. అచ్చుతప్పు దిద్దినందుకు ఎవరైనా ఎవరికైనా చెప్పుకుంటారా?

మర్నాడు మూడు గంటలకు పడమటి మండలాల మీదికి గాలివాన వస్తోందని సమాచారం వచ్చింది. తెర మీద వరుసలన్నీ నీలం. ఫోన్లు వెళ్తున్నాయి. పావుగంట తర్వాత ఆఫీసు ఫోన్ మోగితే నేనే ఎత్తాను.

"నేను మల్లవ్వను మాట్లాడుతున్న. దౌల్తాబాద్ కాడి సెంటర్ల నా వడ్లున్నయి. మొగులు నల్లగైంది. మీ ఫోను రాలె."

"రాలేదా?"

"రాలేదు గద. ఫోను రాకుంటె వాన లేనట్టే అని అందరం నిమ్మలంగ కూసున్నం. నాకే మనసునొప్పక చేస్తున్న. వస్తదా, రాదా?"

ఫోన్ పక్కన పెట్టి నస్రీన్‌ను పిలిచాను. ఆమె దౌల్తాబాద్ వరుస తెరిచింది. నీలం. మాటలు చదివింది. ఆ ప్రోగ్రాం ఎంతో శ్రద్ధగా తన పని చేస్తోంది, కాకపోతే దాని చేతిలో ఉన్న జాబితాలో ఒక్క నంబరూ లేదు. నస్రీన్ మెల్లగా అడిగింది: "నిన్నటి సంది దీన్ని ఎవరన్న ముట్టిన్రా?"

"నేను. హెచ్ పెట్టిన" అన్నాను.

రైతుల నంబర్ల జాబితాను ఆ ప్రోగ్రాం ఆ పేరుతోనే వెతుక్కుంటుందని నాకు తెలియదు. జాబితా పాత పేరుతో, హెచ్ లేకుండా ఉంది. నేను ఇంటి మీది బోర్డు దిద్దాను. ఉత్తరాలు పాత బోర్డుకు వస్తున్నాయి. నస్రీన్ మీటల వైపు తిరిగింది. "ఆమెను ఫోన్ పెట్టెయ్యమను. వాన వస్తుందని చెప్పు. పక్కలోళ్లకు గూడ చెప్పుమను" అంటూ వేళ్ళు కదిపింది. హెచ్ తీసింది. పాత ప్రోగ్రాంను చంపి కొత్తదాన్ని లేపే మీట దగ్గరికి వేలు వెళ్ళింది. అక్కడ ఆగింది. కిటికీ అవతల పడమట మెరుపులు. దౌల్తాబాద్‌లో ఎన్ని కుప్పలో. ఆమె తల ఎత్తి, ఎడమ మూల చూసి, ఏ తొందరా లేని గొంతుతో బయటికి చదివింది: "అసలు. దౌల్తాబాద్." అప్పుడు నొక్కింది.

వరుస ఎర్రబడి, మాయమై, కింద నారింజ రంగులో కొత్తది పుట్టి, నీలమైంది. వెళ్తున్న ఫోన్ల అంకె పెరగడం మొదలైంది. అంత ఆదరాబాదరాలో ఆ ఒక్క క్షణం ఖర్చు చేయగల ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. మీట నొక్కడానికి కావలసింది ధైర్యమని అంతదాకా అనుకునేవాణ్ణి. నొక్కకుండా ఆగడానికి అంతకన్నా ఎక్కువ కావాలి.

వాన ఇరవై నిమిషాల్లో పడింది. చాలామంది కప్పుకోగలిగారు. మల్లవ్వ కుప్ప సగం తడిసింది. సెంటర్‌లో మాట సరిగా వినిపించదని రోడ్డు మీదికి నడిచి వచ్చి మాకు ఫోన్ చేసిందట. మళ్ళీ పరుగెత్తుకుంటూ వెళ్ళేలోపే గాలి అందుకుంది. అడిగినామె వడ్లే తడిశాయి.

ఏం జరిగిందో రాసి పంపమని హైదరాబాద్‌లో ఉండే యజమాని కబురు పెట్టాడు. రాయడం నా విద్యే కదా అని నేనే కూర్చున్నాను. మొదటి వాక్యంలోనే నా పేరు పెట్టాను. దాచుకోవడం నాకు రాదు. నస్రీన్ చదివి, నా పేరు కొట్టేసి, "మండలం పేరులో ఒక అక్షరం మారింది" అని మార్చింది.

"ఎవరు లేని వార్త ఉంటదా నస్రీనమ్మా? మాకు మొట్టమొదలు నేర్పేదే గది. ఎవరు, ఏమిటి, ఎక్కడ."

"ఎవరు అని రాస్తె చదివెటోళ్లు ఆడనే ఆగుతరన్నా. ఎందుకు దాకా పోరు" అంది. "నువ్వు కాకుంటె ఇంకొకడు. చదువుకున్నోడు ఎవడైనా ఆ హెచ్ పెడతడు. మన పేర్లకు ఇంగ్లీషుల ఒక తీరు ఉన్నదా? దౌల్తాబాద్‌ను ఎన్ని తీర్ల రాస్తరు? నాకు కాలేజిల నాలుగు సర్టిఫికెట్ల మీద మూడు తీర్ల నస్రీన్ ఉన్నది. తప్పు నీ చేతిల లేదు. ఒక్క అచ్చరం మీద ఒక మండలం నిలబెట్టినం చూడు, గాడ ఉన్నది. నిలబెట్టింది నేను."

ఆ రాత్రికే ఆమె కాపలా ఒకటి పెట్టింది. జాబితాలో నంబర్లు లేకపోతే ఆ వరుస వెంటనే ఎర్రబడాలి. మండలం పేరు మాత్రం హెచ్ లేకుండానే ఉంచింది. "ఇప్పుడైన సరిచెయ్యొచ్చు గద" అన్నాను. "ఆ తప్పును నమ్ముకొని ఎంతమంది ఉన్నరో ముందు తెలువాలె గదన్నా. పేపరోళ్లు తప్పు కనిపిస్తె అన్నం మానేస్తరు" అని ఎత్తిపొడిచింది.

మర్నాడు ఇద్దరం మల్లవ్వ దగ్గరికి వెళ్ళాం. రమ్మని ఆమె అనలేదు, నేనే వెళ్తానన్నాను. నస్రీన్ తానూ వస్తానంది. బస్సెక్కే ముందు నస్రీన్ బోర్డు బయటికి చదివింది. నేను నవ్వలేదు. దారిలో అడిగాను: "కాయిదంల నా పేరు తీసేస్తివి. ఆడ ఏం చెప్పాలె?"

కిటికీలోంచి చూస్తూ అంది: "కాయిదం మీద వద్దన్న. నోట్ల వద్దనలె."

సెంటర్‌లో మల్లవ్వ తడిసిన వడ్లను కాళ్ళతో తిరగేస్తోంది. అరవై దాటిన మనిషి, కొంగు నడుముకు బిగించి ఉంది. కొన్ని గింజలు అప్పుడే ఉబ్బి మెత్తబడ్డాయి. నేను నోరు తెరవగానే ఆగి చూసింది. "ఫోన్ల వాన చెప్పెటోనివి నువ్వేనా?" అంది. అవునన్నాను. ఫోన్ రాకపోవడానికి కారణం కూడా నేనేనన్నాను. ఊరి పేరులో ఒక అక్షరం ఎక్కువ పెట్టానన్నాను.

"ఏ అచ్చరం?"

"హెచ్ అని. ఇంగ్లీషుది. పలికేటప్పుడు ఇనరాదు."

"ఇనరాని అచ్చరానికి నా వడ్లు తడిసినయా" అంది. తిట్టినా బాగుండేది. తర్వాత పక్కనున్న చెక్కపార నా ముందుకు నెట్టింది. "వచ్చిన్రు గద. నేర్పండి. పల్సగ నేర్పాలె, కుప్ప చెయ్యొద్దు." సాయంత్రం దాకా ముగ్గురం ఆ వడ్లు ఎండకు పరిచి నేర్పాం. నస్రీన్ దుపట్టా తలకు చుట్టుకుని, తెర ముందు ఎంత నిదానంగా ఉండేదో అక్కడా అంతే నిదానంగా, వరుస వెంట వరుస తిరగేసింది. వెళ్ళేముందు మల్లవ్వ ఆకాశం చూసి, రేపు వాన ఉందా అని అడిగింది. నస్రీన్ ఫోన్ చూసి లేదవ్వా అంది. "నువ్వు కాదు బిడ్డా" అని మల్లవ్వ నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ఫోన్ల చెప్పినట్టు చెప్పు."

రేపు వాన లేదని చెప్పాను. అంత కష్టపడి పలికిన వాక్యం నా జీవితంలో ఇంకోటి లేదు.

తర్వాత రెండేళ్ళకు పెద్ద కంపెనీ పిలిస్తే నస్రీన్ వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆమె తెర మీద మన మండలాల పేర్లు ఉండవు. ఈ వ్యాసం చదివితే, ఇందులో ఇన్నిసార్లు తన పేరెందుకని కొట్టేస్తుంది. నేను ఇంటి దగ్గరే కూర్చుని, కొత్తగా పనిలో చేరిన విలేకరులు పంపే వార్తలు దిద్ది పెడుతుంటాను. పోయిన నెల ఒక రైతు చనిపోయిన వార్త వచ్చింది. పేరు యాదగీరి అని ఉంది. గికి దీర్ఘం. చేయి దానంతట అదే అక్కడికి వెళ్ళింది. ఆపుకుని, ఆ ఇంటి నంబరు కనుక్కుని ఫోన్ చేశాను. ఆయన బిడ్డ ఎత్తింది.

"గట్లనే ఉండనియ్యి సార్" అంది. "బాపు సంతకం గట్లనే పెడుతుండె. పాసుబుక్కుల, బ్యాంకుల, అందరికి తెల్సింది గదే. మీరు దిద్దితె ఎవలో వేరేటాయన పోయిండనుకుంటరు."

దీర్ఘం ఉంచి పంపాను.